నాలుగో నీళ్ళు

చంకలోని పాప కాలీఫ్లవర్ మీదికి చెయ్యి చాచింది. తల్లి ఆ చేతిని వెనక్కి లాగి, పువ్వును మళ్ళీ ఉప్పునీళ్ళలో ముంచింది.

"మూడుసార్లయింది. అరిగిపోతుందేమో తల్లీ," అన్నాడు ఆమె తండ్రి. పొద్దున్నే తన తోటలో కోసి తెచ్చాడు. వచ్చినప్పటి నుంచి కూర్చోమన్నా కూర్చోకుండా వంటగదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"బజారువైతే రెండుసార్లు కడిగి వండేస్తాను."

"మరి నేను తెచ్చినదానికి ఎందుకింత?"

"బజారువి ఎవరు పండించారో తెలీదు. నీది తెలుసు. చిన్నప్పుడు పిచికారీ పంపులోకి పురుగుమందు కలిపి ఇచ్చింది నేనే కదా నాన్నా."

ఆయన చూపు కుళాయి మీదికి తిప్పుకున్నాడు. "ఈసారి కొట్టలేదు. వేపనూనెతోనే సరిపెట్టాను. సగం పంట పురుగులపాలైంది."

"కొనేవాళ్ళకి ఏటా అదే చెప్పేవాడివి, మందు కొట్టలేదని. పక్కనే నిలబడి వినేదాన్ని."

ఆయన ఒక రెమ్మ తుంచి నోట్లో వేసుకున్నాడు. ఆమె గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఉమ్మెయ్."

ఆయన నమిలి మింగాడు.

ఆమె విసురుగా నీళ్ళు మార్చింది. కాసేపటికి పువ్వు సందులోంచి ఆకుపచ్చ పురుగొకటి పైకి తేలి మెలికలు తిరిగింది. బతికే ఉంది.

ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"నా మాట నమ్మకపోతే మానెయ్," అన్నాడాయన మెల్లగా. "దాన్నడుగు."

ఆమె పురుగును వేలితో తీసి కిటికీలోని కుండీలో వదిలింది. తరువాత చిన్న రెమ్మ తుంచి పాప చేతిలో పెట్టింది.

ఆయన అప్పుడు కూర్చున్నాడు.