రెండో ముద్దాయి

“కొత్త రంగేసి కుళ్లిన కారు అంటగట్టినాడు మేడమ్!”

చెంచురామయ్య జేబులోంచి పొట్లం తీసి లాయరు కరుణాకుమారి గారి టేబుల్ మీద విప్పాడు. పిడికెడు ఎండిన ఒండ్రుమట్టి. సీటు కింద కార్పెట్ ఎత్తితే దొరికిందట. మూడు లక్షలు పోసి కొన్న ఎర్రకారు నెల తిరక్కుండానే సంగం రోడ్డు మీద ఆగిపోయింది. మెకానిక్ మస్తాన్ బానెట్ ఎత్తి, ముక్కు మూసుకుని, ఇది వరదలో మునిగిన బండి అని తేల్చేశాడు.

పక్క కుర్చీలో భార్య పెంచలమ్మ. కారు కోసం నాలుగు సవర్ల గొలుసు అమ్మింది. బావమరిది ఇంటి ముందు కారు దిగాలన్న ముచ్చట ఆయనది, గొలుసు ఆమెది.

“ముందు నోటీసు ఇద్దాం,” అన్నారు లాయరు. “దిగిరాకపోతే వినియోగదారుల కమిషన్‌కి పోదాం. డబ్బు, ఖర్చులు, నష్టపరిహారం అన్నీ అడగొచ్చు. చీటింగ్ కేసు కూడా పెట్టొచ్చు. కానీ మునిగిన బండి అని మీకు ముందే తెలిసుంటే మాత్రం ఏదీ నిలవదు.”

“తెలిసి కొనేదానికి నేనేమన్నా పిచ్చోడినా? రాయండి మేడమ్. అమ్మినోడు హరినాథ్ ఒక ముద్దాయి. రంగేసినోడి సంగతి తర్వాత చూద్దాం. అసలు దాన్ని నీళ్లల్లోంచి బయటికి లాగినోడు ఎవుడో ఉంటాడు గదా, వాడు రెండో ముద్దాయి! వాడికి తెలీదా అది ఎందుకూ పనికిరాదని? కూలి డబ్బులు జేబులో ఏసుకోని మాట్లాడకుండా పోయినాడు. సిగ్గులేని జాతి!”

“వాడెవడో తెలియాలి కదా,” అని ఆమె నవ్వారు.

నోటీసు అందిన మూడో రోజే పాత కార్ల వ్యాపారి హరినాథ్ ఇంటికొచ్చాడు.

“అన్నా, నేనూ బయట కొన్నదే. లక్షన్నర ఇచ్చేస్తా. కారు కూడా నువ్వే ఉంచుకో. ఇంతటితో వదిలెయ్.”

“తీసుకోయ్యా,” అంది పెంచలమ్మ. “నా గొలుసులో సగమన్నా వస్తది.”

“నువ్వూరుకో మే! ముష్టి ఎవురికి కావాల? నిన్ను కోర్టు మెట్లెక్కిస్తా రా హరినాథూ. ఆ బండి నీళ్లల్లో ఉన్న ఫోటోతో సహా తెప్పిస్తా.”

తెప్పించాడు కూడా. లాయరు గారి వెంటపడి, బీమా కంపెనీ నుంచి పాత ఫైలు కమిషన్‌కి పిలిపించాడు. అబ్బో, వాయిదా రోజు ఆయన దర్జా చూడాలి! ఇస్త్రీ చొక్కా, భుజాన జరీ కండువా. వరండాలో ఊరూపేరూ తెలియనివాళ్లను కూడా ఆపి మోసగాళ్ల గురించి పాఠాలు చెప్పాడు. హరినాథ్ వైపు చూసి రెండుసార్లు ఉమ్మేశాడు.

కమిషన్ అధ్యక్షుడు ఫైలు తిరగేశారు. మూడేళ్ల కిందటి పెన్న వరద. అదే నంబరు. మునిగినట్టు క్లెయిమ్ ఉంది, ఫోటో ఉంది.

హరినాథ్ తల దించుకున్నాడు. చెంచురామయ్య మీసం దువ్వాడు.

అధ్యక్షుడు ఫోటోను దగ్గరగా చూశారు. తర్వాత కళ్లజోడు తీసి చెంచురామయ్యను చూశారు.

“ఈ కారు మునిగిన సంగతి మీకు ఎంతమాత్రం తెలియదని అఫిడవిట్ ఇచ్చారు కదా?”

“అమ్మతోడు సార్! ఆ కారును అంతకుముందు కంటితో చూసి ఉంటే నా కళ్లు పోతాయి!”

ఫోటో లాయరు చేతికొచ్చింది. ఆమె చూసి పెంచలమ్మకు ఇచ్చారు.

ఏటి నీళ్లు పొంగిన చప్టా మీద బానెట్ దాకా మునిగి, అప్పటికింకా తెల్లగా ఉన్న ఆ కారుకు మోకు కట్టి ఒడ్డుకు లాగుతున్న ట్రాక్టరు మీద, కెమెరా వైపు పళ్లికిలిస్తూ కూర్చున్నవాడు చెంచురామయ్యే.