సొంతదారు పేరు

వెంగమ్మ బోను కమ్మీని వదలకుండా పట్టుకుని నిలబడింది.

"మేకపోతును దొంగిలించిందన్నారు. అది ఎవరిదో ఛార్జిషీటులో రాయనే లేదు. సొంతదారు పేరు లేకుండా దొంగతనం ఎలా నిలుస్తుంది?" అని లాయరు దయాసాగర్ వాదించాడు.

జడ్జి కేసు కొట్టేశారు. పోతును వెంగమ్మకే ఇచ్చేయమన్నారు.

బయట పోలీసు పోతు తాడు చేతికివ్వబోతే ఆమె వెనక్కి జరిగింది.

"ఇంకా భయమేందమ్మా? ఆటోలో ఎక్కించుకొని ఉదయగిరిలో మీ ఇంటికి పో," అన్నాడు దయాసాగర్.

"దాన్ని నేనే పట్టినాను సార్, బిడ్డలు పస్తుంటే. దాని చెవి చూడండి. అట్టా కోసి వదిలితే పోలేరమ్మకు మొక్కినట్టు. జైల్లో ఏసుంటే ఆ తల్లి కోపం తీరేది. విడిపించినారే! ఆయమ్మ గుడి ఎదురే సార్ మా ఇల్లు."