రోహిణి కార్తెలో చాటింపు

ఎండలకు మడుగు ఇంకిపోగానే కప్పలూ తాబేళ్లూ అడుగు బురదలోకి దూరి పడుకుంటాయి. మళ్లీ తొలకరికే లేస్తాయి. ఈ సంగతి తెలియనివాళ్లు ఆ అడవిలో లేరు.

ఆ ఏడు తొలకరికి పైకొచ్చిన ముసలి తాబేలుకు సగం మడుగే కనిపించింది. మిగతా సగంలో మట్టి పోసి చదును చేసేశారు. దాని మీద నక్కలు దొర్లుతున్నాయి. ఆ మట్టి కింద పడుకున్న కప్పలు ఇంకా లేవలేదు.

తాబేలు కాళ్లీడ్చుకుంటూ అడవి గుమాస్తా కాకి దగ్గరికి వెళ్లింది.

"మమ్మల్ని ఒక్క మాటైనా అడక్కపోతిరి గదయ్యా," అంది.

"అడక్కపోవడమేంటి తాతా? రోహిణి కార్తెలో పదిహేను రోజులు మీ మడుగు గట్టు మీదే నిలబడి, గొంతు పోయేలా చాటింపు వేశాను. అభ్యంతరాలుంటే చెప్పమన్నాను. ఒక్కరూ కిక్కురుమనలేదు. అందరికీ ఇష్టమేనని రాసుకున్నాం."

"అప్పుడు మేం మూరెడు లోతున నిద్రలో ఉంటాం. నీకు తెలుసు."

"తెలుసు," అంది కాకి.

తాబేలుకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. "పోనీ, ఇకనుంచైనా ఆ చాటింపేదో వానలు పడి మేం లేచాక వేయండి. మిగిలిన సగమైనా దక్కుతుంది," అంది.

కాకి శ్రద్ధగా తల ఊపింది.

"మంచి సలహా తాతా. కాకపోతే పద్ధతి మార్చాలంటే దానికీ ఒక పద్ధతుంది. సలహాలు తీసుకునేది రోహిణి కార్తెలోనే. అప్పుడొచ్చి చెప్పు."