గుండ్రటి సంతకాలు

“అందరం కలిసే చేశాం.”

నలభై రెండో మనిషి, కుట్టుమిషన్ మీద పనిచేసే మెర్లీ కూడా అదే మాట చెప్పింది. జోవెలిన్ పెన్ను విసిరికొట్టినంత పని చేసింది.

యూనివర్సిటీలో ఆమె చదివేది నాయకత్వం, పనిచోట మనుషుల మధ్య సంబంధాలు. చివరి ఏడాది థీసిస్‌కి రోసారియో ఊళ్ళోని ఒక చొక్కాల ఫ్యాక్టరీని ఎంచుకుంది.

కిందటేడు ఒక మధ్యాహ్నం అక్కడి ఆడవాళ్ళు కంచాలు బోర్లించి కూర్చున్నారు. ఒక్కరూ అన్నం ముట్టలేదు, ఒక్కరూ నోరు మెదపలేదు.

పనివేళల్లో బాత్రూముకు యాజమాన్యం వేసిన తాళం తీయాలని ఒక కాగితం మాత్రం ఆఫీసుకు వెళ్ళింది. దానిమీద సంతకాలన్నీ వరసగా కాకుండా, చక్రంలా గుండ్రంగా పెట్టి ఉన్నాయి. మొదట ఎవరు పెట్టారో కనిపెట్టడం ఎవరి తరమూ కాలేదు.

వారం తిరక్కుండా తాళం ఊడింది. ఒక్కరి ఉద్యోగమూ పోలేదు.

“ఎవరో ఒకరు ముందు నడిచే ఉంటారుగా అక్కా?”

“ముందు ఎవరూ లేరు తల్లీ. పక్కపక్కనే నడిచాం,” అని మెర్లీ నవ్వేసింది.

నాయకుడి పేరే లేని నాయకత్వం థీసిస్! ఫెయిల్ చేసి ఇంటికి పంపుతారు. స్కాలర్‌షిప్పేమో ఈ టర్మ్‌తో ఆఖరు. జోవెలిన్‌కి ఏడుపొక్కటే తక్కువ.

“ముందు తిను,” అంటూ ఫ్యాక్టరీ కాంటీన్‌లో గిన్నెలు కడిగే ఆలింగ్ సెపా కంచం ముందుకు తోసింది. “ఆ పుస్తకం నువ్వు రాస్తున్నావో, అదే నిన్ను తింటోందో తెలీట్లేదు.”

మూడు నెలలుగా రోజూ ఇదే వరస. జోవెలిన్ గబగబా తినేది, కంచం ఆమె చేతికిచ్చేది, మళ్ళీ కుట్టుమిషన్ల వాళ్ళ దగ్గరికి పరుగెత్తేది. గిన్నెలు కడిగే మనిషిని అడగడానికి ఏముంటుంది?

థీసిస్ పరీక్ష రోజు రానే వచ్చింది. ఆరోజు పరీక్షించేవాళ్ళకు ఫలహారం పెట్టాల్సింది విద్యార్థే. మార్కుల మాట ఎలా ఉన్నా, పన్సిత్ నూడుల్స్ బాగోకపోతే పరువు పోతుంది.

“వండేది నేనే, వడ్డించేది నేనే. నువ్వు నీ పాఠం చూసుకో,” అని ఆలింగ్ సెపా ఒక పూట సెలవు పెట్టి మరీ వచ్చింది. మోత సాయానికి మెర్లీ వచ్చింది.

బల్ల వెనక ఇద్దరు ప్రొఫెసర్లు. మూడో కుర్చీలో అతిథిగా ఫ్యాక్టరీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే మేనేజర్ లగ్దమేయో.

గంటసేపు అంతా సవ్యంగానే నడిచింది. ఆఖర్న లగ్దమేయో గొంతు సవరించుకున్నాడు.

“బాగుందమ్మా. ఇంతకీ ఆ నాయకురాలు ఎవరు?”

“తెలీదు సర్.”

“ఊహించైనా చెప్పు. నీ అనుమానం ఎవరి మీద?”

మెర్లీ పేరు జోవెలిన్ నాలుక చివరిదాకా వచ్చింది. అంత చలాకీగా మాట్లాడే మనిషి మెర్లీయే. చెప్పేస్తే గండం గడిచిపోతుంది.

గుమ్మంలో ఆలింగ్ సెపా పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడి ఉంది. పన్సిత్ చల్లారిపోతోంది. లోపల పెట్టి వెళ్ళొచ్చుగా అని జోవెలిన్‌కి చిరాకేసింది.

“చెప్పమ్మా.”

“సర్, అనుమానం రాసేస్తే అది థీసిస్ కాదు, చాడీ అవుతుంది,” అంది జోవెలిన్. “ఆ పేరు బయటపడి ఉంటే ఆ మనిషి ఇవాళ మీ దగ్గర పనిలో ఉండేదా?”

పెద్ద ప్రొఫెసర్ పకపకా నవ్వింది. “ఈ అమ్మాయి పాసయింది. ఇక ఆ పన్సిత్ రానివ్వండి.”

జోవెలిన్ కుర్చీలో కూలబడింది. మూడు నెలల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి.

ఆలింగ్ సెపా మొదటి కంచం లగ్దమేయోకే అందించింది. “భలే రుచిగా ఉంది,” అన్నాడతను, ఆమె మొహమైనా చూడకుండా.

అందరూ వెళ్ళాక జోవెలిన్ వరండాలోకి పరుగెత్తింది.

“ఆలింగ్ సెపా ఏదీ?”

“ఇప్పుడే జీప్నీ బండి ఎక్కేసింది. సాయంత్రం షిఫ్టు ఉందిగా,” అంది మెర్లీ ఖాళీ పళ్ళేలు సర్దుతూ.

“ఒక్క థాంక్స్ కూడా చెప్పలేదక్కా. పాపం, పరీక్ష అయ్యేదాకా ఆ గుమ్మంలోనే నిలబడిపోయింది. అలసిపోయి ఉంటుంది.”

మెర్లీ చుట్టూ చూసింది.

“నీ పుస్తకం ముగిసినట్టేగా? ఇంకేమీ ఎక్కించవుగా?”

“ఎక్కించను. ఒట్టు.”

“నువ్వు ఎవరి పేరు చెప్పినా, లోపలికొచ్చి ‘అది నేనే’ అనడానికి నిలబడింది,” అంది మెర్లీ. “నిజానికి ఆమే.”