మూసేసిన మెస్సు

"ఆటో తర్వాత ఎక్కుతాలే అప్పా. నగరి బస్సు ఇప్పుడే దిగినా. ముందు ఇది యాడుండాదో చెప్పు" అంటూ ఆ పెద్దాయన చీటీ చాపాడు.

సురేంద్ర చీటీ చదివి ముఖం చిట్లించాడు.

'కోమలి మెస్, కొర్లగుంట' అని ఉంది.

తిరుపతి బస్టాండులో దిగినవాళ్లకు ఎక్కడ తినాలో చెప్పడంలో సురేంద్రను మించిన ఆటో డ్రైవరు లేడు. కొండ దిగి వచ్చినవాళ్లు ఏం తినాలి, గుండు కొట్టించుకున్న పిల్లలకు ఏం పెట్టాలి, ఏ హోటల్లో సాంబారు మధ్యాహ్నానికి నీళ్లవుతుంది, అన్నీ అతనికి కొట్టిన పిండి.

అంతా చెప్పి, చివరికి తీసుకెళ్లి దించేది మాత్రం ఒకే ఒక్క ఏసీ హోటలు ముందు. నలుగురిని తెచ్చిన డ్రైవరుకు ఆ హోటలు వెనక వసారాలో భోజనం ఊరికే పెడతారు.

ఆ రోజు అప్పటికి ముగ్గురే అయ్యారు. పన్నెండున్నర దాటింది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

కోమలి మెస్సు అతనికి తెలియక కాదు. వారంలో నాలుగు రోజులు అక్కడే తింటాడు. తిరుపతి మొత్తం మీద అంత కమ్మని భోజనం ఇంకోచోట లేదనీ తెలుసు. కానీ దాన్ని నడిపే కోమలి డ్రైవర్లకు ఊరికే పెట్టదు.

"ఆ మెస్సు మూసేసినారు సామీ" అన్నాడు.

పెద్దాయన అర్థం కానట్టు చూశాడు. తెల్ల పంచె, మడత నలగని చొక్కా, భుజాన ఎర్రంచు తుండు. పెళ్లికి బయల్దేరిన మనిషిలా ఉన్నాడు.

"మూసేసినారా? ఎప్పుడప్పా?"

"ఆర్నెల్లయింది."

"ఏం, జరగలేదా యాపారం?"

"యాడ జరుగుతాది సామీ? ఆ సందులోకి ఎవురు పోతారు? సామాన్లు అమ్ముకోని ఊరిడిసి పోయినారు."

అబద్ధానికి అబద్ధం అతికించడం సురేంద్రకు వెన్నతో పెట్టిన విద్య.

"యాడికి పోయినారో తెలుసునా?"

"ఎవురికి తెలుసు?"

పెద్దాయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి చూశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"భోజనానికే గదా సామీ? దానికంటే మంచి హోటలు సూపిస్తా రా. ఏసీ ఉండాది. పదారు రకాలు పెడ్తారు."

"పదారు రకాలెందుకప్పా నాకు? ఆ మెస్సులో వంకాయ కొళంబు పెడ్తారంటే వచ్చినా."

"వంకాయ పులుసు కోసం నగరి నుంచా!" సురేంద్ర పకపకా నవ్వాడు. "ఆడ గూడా ఉంటాది లే. ఎక్కు."

పెద్దాయన ఎక్కాడు.

ఆయన్ని హోటలు ముందు దించి, కౌంటరులో మనిషికి నాలుగు వేళ్లు చూపించి, సురేంద్ర వెనక వసారాలో ఆకు ముందు కూర్చున్నాడు. తిని, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పెద్దాయన ఇంకా మెట్ల మీదే ఉన్నాడు.

"తిన్లేదా సామీ?"

"ఆకలి పోయిందప్పా. నన్ను బస్టాండులో దింపు."

సురేంద్రకు ఎక్కడో చివుక్కుమంది. పోనీ ఇప్పుడైనా నిజం చెబుదామా అనుకున్నాడు. చెబితే ఆయన ముందు ముఖం చెల్లదు. ఆటో స్టార్ట్ చేసి బస్టాండుకు తీసుకొచ్చాడు.

నగరి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. పెద్దాయన ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, తుండుతో ముఖం తుడుచుకున్నాడు. ఎండకు చెమట పట్టి ఉంటుందనుకున్నాడు సురేంద్ర.

నాలుగింటికల్లా అతనికి మళ్లీ ఆకలేసింది. ఊరికే వచ్చే భోజనం అంతే, కడుపుకు ఆనదు. మెస్సులో మిగిలిందేదైనా దొరుకుతుందని ఆటోను కొర్లగుంట సందులోకి తిప్పాడు.

రోజూ మూడింటికే పొయ్యి ఆర్పేసే కోమలి ఇంకా పొయ్యి దగ్గరే ఉంది. కొత్త చీర కట్టుకుంది. మెస్సు ముందు కడిగి ముగ్గు వేసింది. లోపల ఫ్యాను కింద ఒక ఆకు పరిచి, పక్కన గ్లాసు బోర్లించి పెట్టింది.

సురేంద్ర ఆ ఆకు ముందు కూర్చోబోయాడు.

"ఆడొద్దన్నా. ఈ పక్క కూర్చో."

"ఎవురన్నా పెద్దోళ్లు వస్తాండారా ఏమి?"

కోమలి వడ్డించి, గుమ్మం దగ్గరికి వెళ్లి, సందు చివరిదాకా చూసి వచ్చింది. కాసేపటికి మళ్లీ వెళ్లి చూసింది.

"అన్నా, నువ్వు బస్టాండులోనే గదా ఉంటావు. ఈ పొద్దు నగరి బస్సులో ఒక పెద్దాయన దిగినాడా? తెల్ల పంచె, ఎర్రంచు తుండు."

సురేంద్ర గ్లాసు అందుకున్నాడు. నీళ్లు తాగాడు. బస్టాండులో దిగేవాళ్లలో సగంమంది తెల్ల పంచెలే గదమ్మా అనేద్దామనుకున్నాడు. మధ్యాహ్నం అన్ని అబద్ధాలాడిన నోటికి ఆ ఒక్క మాట రాలేదు. తన మీద తనకే అసహ్యమేసింది.

"ఎవురమ్మా ఆయన?" అన్నాడు చివరికి, తలెత్తకుండా.

"నేను ఇష్టపడినోన్ని చేసుకుంటినని, నా ఇంటి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడన్నా. తొమ్మిదేండ్లయింది. పొద్దున మా చెల్లెలు ఫోన్ చేసింది."

సురేంద్ర ఆకు పక్కకు జరిపాడు.

"ఇంటికి పోకూడదని గదా ఒట్టు, మెస్సుకు పోయి దుడ్డిచ్చి తింటే ఎవురు కాదంటారు అని పదింటి బస్సెక్కినాడంటన్నా మా నాయన" అంది కోమలి, చల్లారిన కూరను మళ్లీ పొయ్యి మీద పెడుతూ.