బుడగల తుపాకీ

"అది వద్దు బాబూ. ఇంకోటి ఇస్తాను, బాగా పేలుతుంది."

వీరబ్రహ్మం ఆ మాట అనడం మూడోసారి.

ఉదయభాస్కర్ వింటేగా. అటక మీంచి దింపిన ఎయిర్ గన్‌ని అప్పటికే ఒళ్ళో పెట్టుకుని తడుముతున్నాడు. గొట్టం నిండా తుప్పు. లోపల స్ప్రింగు విరిగిపోయింది. కర్ర మీద చెక్కిన నెమలిబొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. దాన్నిబట్టే గుర్తుపట్టాడు.

"నాకు ఇదే కావాలండి. చిన్నప్పుడు మండపేట తీర్థంలో మీ దుకాణం దగ్గర మా నాన్న పేల్చింది దీంతోనే. పది దెబ్బలకి పది బుడగలు."

వీరబ్రహ్మం అతని మొహంలోకి కాసేపు చూశాడు. తీర్థాలన్నీ తిరిగి బుడగల దుకాణం నడిపిన మనిషి. ఇప్పుడు ద్వారపూడి దగ్గర రెండు గదుల ఇంట్లో, దగ్గుతో సావాసం చేస్తున్నాడు.

"తీసుకెళ్ళండి. డబ్బులేం వద్దు. కానీ బాగుచేయకండి. గోడకి తగిలించుకోండి చాలు."

ఇచ్చే మనసు లేనివాళ్ళు ఇలాంటి మెలికలే పెడతారని ఉదయభాస్కర్ అనుకున్నాడు. పైకి మాత్రం దణ్ణం పెట్టి బస్సెక్కాడు.

నాన్న పేరు బుల్లిరాజు. రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. ఎందుకో చేతులు వణికేవి. టీ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే. మిల్లులో అందరికీ లోకువే.

ఆ రోజు తీర్థంలో ఏడేళ్ళ ఉదయభాస్కర్, తోటి పిల్లలందరి ముందూ "మా నాన్న కొడతాడు" అనేశాడు. నాన్న తప్పించుకుపోబోతే చెయ్యి వదల్లేదు.

పది దెబ్బలు. పది బుడగలు.

ఆ ఏడాదంతా బడిలో వాడి మాటకి తిరుగులేదు. నాన్న మాత్రం మళ్ళీ తుపాకీ ముట్టలేదు. ఎంత బతిమాలినా నవ్వి ఊరుకునేవాడు. మరుసటి వానాకాలం జ్వరమొచ్చి పోయాడు. ఇంట్లో ఒక్క ఫొటో అయినా లేదు. కొడుక్కి మిగిలినవి ఆ పది చప్పుళ్ళే. వాటిని మరొక్కసారి వినాలని ముప్పై ఏళ్ళుగా ప్రాణం కొట్టుకుంటోంది.

రాజమండ్రిలో, ఇంటి వరండాలో, పని మొదలైంది. కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు కాబట్టి పనిముట్లకి కొదవలేదు. కిరసనాయిలు పోసి, ఉప్పుకాగితంతో రుద్ది తుప్పు వదిలించాడు. తోలు వాషరు కోయించి ఆముదంలో నానబెట్టాడు. స్ప్రింగు కోసం ఊరంతా తిరిగాడు.

"ఫ్యాను రెగ్యులేటరు పోయి మూడు నెలలైంది. దానికి లేని ఓపిక దీనికెక్కడ్నుంచి వచ్చిందండి?" అంది భార్య రామతులసి.

"ఫ్యాను మా నాన్నది కాదుగా."

ఆదివారం నాడు ఆవిడే బుడగలు ఊది డాబా గోడకి కట్టింది.

మొదటి గుండు గోడకి తగిలింది. రెండోదీ గోడకే. పదీ అయిపోయాయి, బుడగలు గాలికి ఊగుతూనే ఉన్నాయి.

తన గురి మీద నమ్మకంలేక తుపాకీని బల్లకి బిగించి పేల్చాడు. గుండు జానెడు ఎడమకి పోయింది. ఎన్నిసార్లు పేల్చినా అంతే.

మరి నాన్న?

వెంటనే వీరబ్రహ్మానికి ఫోన్ చేశాడు.

"ఇది ఎప్పట్నుంచి ఇలా ఉందండి? నిజం చెప్పండి."

అవతల చాలాసేపు దగ్గు. ఆ తర్వాత జవాబొచ్చింది.

"నేనే పాడుచేశాను బాబూ. బండి మీంచి పడేశాను. మీ నాన్నగారి రోజుల్లో బంగారంలా ఉండేది."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా? పనికిమాలిన సరుకు అంటగట్టి నెలరోజులు చాకిరీ చేయించారు."

"తప్పేనండి."

ఉదయభాస్కర్ ఫోన్ పెట్టేశాడు. కోపంగా ఉంది. కానీ ఊరటగానూ ఉంది. నాన్న గురికి ఏ మచ్చా రాలేదు.

పెద్దమనిషిని అంత మాట అన్నందుకు మాత్రం మనసు పీకుతూనే ఉంది. రెండు నెలల తర్వాత మండపేట వెళుతూ ద్వారపూడిలో దిగాడు.

గోడ మీద వీరబ్రహ్మం ఫొటోకి దండ వేసి ఉంది.

"పదిహేను రోజులైంది బాబూ," అంటూ ఆయన భార్య వెంకటదుర్గ కుర్చీ వేసింది.

ఉదయభాస్కర్ తల దించుకుని చెప్పాడు.

"ఆయన్ని నోటికొచ్చినట్టు అన్నానండి. తుపాకీ పడేసి పాడుచేశారని."

"పడేయడమేంటి? కొన్ననాడే దాని గొట్టం వంకర. అందుకే కొన్నారు. అందరికీ తగిలితే మా దుకాణం నడిచేదెలా?"

"కాదండీ. మా నాన్న కొట్టాడు. పదికి పదీ. నేను పక్కనే ఉన్నాను."

వెంకటదుర్గ అతని వంక పరీక్షగా చూసింది.

"చేతులు వణికే ఆయనా?"

అతను తలూపాడు.

"బుడగలు గోనెపట్టాకి కట్టేవాళ్ళం బాబూ," అందావిడ మెల్లగా. "'ఆ పిల్లాడు వాళ్ళ నాన్న మొహమే చూస్తున్నాడే, నువ్వు దబ్బనం పట్టుకుని పట్టా వెనక కూర్చో, తుపాకీ పేలినప్పుడల్లా ఒక బుడగ పొడువు' అన్నారు మా ఆయన."