మూడింటి నుంచి నాలుగింటి దాకా

సొరుగులో కత్తి లేదు. గూట్లో బ్రష్షు లేదు, సబ్బు గిన్నె లేదు. వాటి ఆసామీ అయిన నాన్నా లేడు. సెలూన్ గోడ మీది గడియారం మూడూ అయిదు చూపిస్తోంది.

కొడుక్కి ఒళ్ళు మండిపోయింది. వారం రోజులుగా ఇదే తంతు. సరిగ్గా మూడింటికి మాయం, నాలుగింటికి ప్రత్యక్షం. ఎక్కడికెళ్ళావంటే కాస్త గాలి పీల్చుకోవడానికంటాడు. ఇవాళ సొరుగు తెరిచి చూశాక ఆ గాలి ఏ గాలో కొడుక్కి తేటతెల్లమైపోయింది. తాగే రోజుల్లో ముందు దువ్వెనలు, ఆపైన కత్తెరలు, చివరికి గోడకున్న నిలువుటద్దం కూడా ఇలాగే సీసాలుగా మారిపోయాయి మరి.

“మీ నాన్నా? మందు షాపు సందులోకి పోతుంటే చూశాను,” అన్నాడు కుర్చీలో కూర్చున్న బస్సు డ్రైవరు తాపీగా. “చంకలో సంచీ కూడా ఉంది.”

అంతే, కొడుకు కత్తెర బల్ల మీద పడేసి చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. తన తల ఇంకా ఒకవైపే అయిందని, ఇలా ఇంటికెళ్తే పెళ్ళాం గుమ్మం కూడా ఎక్కనివ్వదని డ్రైవరు మొత్తుకుంటున్నా వినిపించుకునే స్థితిలో లేడు.

దారిపొడుగునా నాన్నని మనసులోనే కడిగి ఆరేశాడు. తాగుడు మాన్పించే కేంద్రం నుంచి తీసుకొచ్చి ఆర్నెల్లయింది. ఈయనతోపాటు చేరినవాళ్ళంతా మూడు నెలలకే ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. ఈయన చెయ్యి మాత్రం ఇంకా వణుకుతూనే ఉంది. ఒకప్పుడు ఆ చేతి కోసమే జనం బెంచీ మీద గంటలకొద్దీ కాచుకుని కూర్చునేవారు. రెండో కుర్చీ దగ్గర నిలబడు నాన్నా అంటే, రేపు చూద్దాంలేరా అంటాడు. ఆ రేపు రాదు. విసుగెత్తి పోయిన వారం బలవంతాన నిలబెడితే, లెక్కల మాస్టారి చెంప మీద గాటు పెట్టి కూర్చున్నాడు. చేతకాకపోతే చీపురు పట్టుకో అని తను అందరిముందూ అన్న మాట నిజమే. అనకూడనిదే. అంతమాత్రానికి చీపురు వదిలేసి మళ్ళీ సీసా పట్టుకోవాలా?

అమ్మ మొహం గుర్తొచ్చింది. ఈసారి తాగి వస్తే ఇంట్లో అడుగు పెట్టనివ్వనని ఆవిడ ముందే తెగేసి చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి. నాన్న ఎక్కడికి పోతాడు? అంత కోపంలోనూ కొడుక్కి ఏడుపు తన్నుకొచ్చింది.

మందు షాపులో నాన్న లేడు. కౌంటరు వెనకాల మనిషిని అడిగితే అతనూ నిష్ఠూరంగానే మాట్లాడాడు. పెద్దాయన రోజూ ఈ పక్క నుంచే వెళ్తాడట. పాత పరిచయం కదా అని పిలిస్తే తల కూడా తిప్పడట. తిన్నగా ఆసుపత్రి వెనక గేటులోకి పోతాడట.

ఆసుపత్రి అనగానే కొడుక్కి ఇంకో అనుమానం పట్టుకుంది. అక్కడ స్పిరిట్ ఉంటుంది. మందు దొరకని పూట నాన్న దాన్నీ వదిలిపెట్టని రోజులు ఉన్నాయి. పిక్కబలం కొద్దీ పరిగెత్తాడు.

వెనక గేటు కాపలావాడు ఎవరు కావాలన్నాడు. రొప్పుతూ ఆనవాళ్ళు చెబితే, గడ్డం గీసే ఆయనా, చివరి గదిలో ఉన్నాడు, గోల మాత్రం చెయ్యొద్దని చెప్పి పంపించాడు.

గది చల్లగా ఉంది. ఎత్తు బల్ల మీద ఒక మనిషి మెడదాకా దుప్పటితో, కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. మొహం సగం నురుగులో ఉంది. నాన్న రెండు వేళ్ళతో అతని చెంప సాగదీసి, ఊపిరి బిగబట్టి, కత్తిని అంగుళం అంగుళంగా కిందికి దించుతున్నాడు.

“ఏదీ, నోరు తెరువు,” అన్నాడు కొడుకు.

నాన్న ఉలిక్కిపడలేదు. కత్తి పక్కన పెట్టి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు. టీ వాసన తప్ప ఇంకేమీ లేదు.

కొడుక్కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గు, ఆ వెనకే ఎక్కడలేని సంతోషం. ఆపరేషన్‌కి ముందు రోగులకి గడ్డం గీయిస్తారని అతను విన్నాడు. మత్తు ఇచ్చి ఉంచినట్టున్నారు, ఇంత హడావుడికీ పడుకున్న మనిషి కళ్ళు తెరవలేదు. అయినా కొడుకు గొంతు తగ్గించాడు.

“ఈ మాట నాతో చెబితే ఏం పోయింది నాన్నా? రోగులకి గీసే చెయ్యి మన కస్టమర్లకి గీయలేదా? రేపటి నుంచి రెండో కుర్చీ నీదే.”

నాన్న కుడిచెయ్యి ముందుకు చాపాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. దాన్ని దాచుకోవాలని కూడా చూడలేదు.

“తొందరపెట్టకురా. మొదటిరోజు ఒక్క మొహానికి తొమ్మిది గాట్లు పడ్డాయి. నిన్న నాలుగు. ఇవాళ మూడు.”

“మూడా? లేస్తే ఊరుకుంటాడా ఆయన?”

నాన్న తడిగుడ్డతో ఆ చెంప మీది నురుగుని మెల్లగా, ఎంతో మర్యాదగా తుడిచాడు.

“ఒక్క గాటూ పడని రోజు వస్తుందిరా. ఆ రోజు బతికున్నవాళ్ళ దగ్గరికొస్తాను.”